పొయ్యి దగ్గర మామ్మ

తెల్లవారేసరికి పాపాయమ్మ దొడ్డి అరుగు మీద కూర్చుని పనసాకులతో బుట్టలు కుడుతోంది. నాలుగు ఆకులు పేర్చి, కొబ్బరి ఈనె ముక్కలతో పొడిచి, అంచులు పైకి మడిస్తే బుట్ట. అందులో పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తే పొట్టిక్క. ఇంట్లో నలుగురికే అయితే ఆ పని కబుర్లలో పడి అయిపోయేది. ఆ వేళ టూరిజం వాళ్ళు వస్తున్నారని కోడలు రెబెకా పెద్ద గిన్నె నిండా పిండి కలిపి పెట్టింది.

కాస్త టీ తాగి కుట్టండి అత్తయ్యగారూ అని కోడలు రెండుసార్లు చెప్పి చూసింది.

"వాళ్ళు మెచ్చుకుని వెళ్ళేక తాగుతాలే. ఈ వేళ గానీ గట్టెక్కితే నా కొడుకు ఇంక విమానం ఎక్కడు" అంది పాపాయమ్మ.

ఆ కొడుకు జీవన్. కూతురు శారోన్ పుట్టిన ఏడాదే మస్కట్ వెళ్ళి, ఒక హోటల్లో గిన్నెలు కడగడంతో మొదలుపెట్టి వంటమాస్టరయ్యాడు. శారోన్ ఇంటర్‌లో చేరిన ఏడు తిరిగి వచ్చాడు. వచ్చిన మొదటి నెలంతా కూతురు అతన్ని మీరు అంది. అన్నం వడ్డించమంటారా అని చుట్టాన్ని అడిగినట్టు అడిగితే, అతను స్నానాలగదిలోకి వెళ్ళి పంపు తిప్పుకుని ఏడ్చాడు. ఇంక వెళ్ళకూడదని ఆ రోజే అనుకున్నాడు. తాటిపాక దాటాక కాలవ గట్టున తండ్రి కట్టిన పెంకుటిల్లు ఉంది. వెనక నాలుగు కొబ్బరిచెట్లున్నాయి. చేతిలో వంట ఉంది. రెండు గదులు బాగుచేసి అతిథులకి బస ఇస్తే ఇంటిపట్టునే బతకొచ్చనుకున్నాడు.

పర్యాటకం అంటే గోదారి, పడవ, కొబ్బరిచెట్టు అనుకునే అమాయకుల్లో అతనూ ఒకడు. దాని వెనక ఎన్ని సంఘాలున్నాయో దిగాక గానీ తెలియలేదు. అనుమతి ఇచ్చేది సర్కారు శాఖ. ఇంటికి గ్రేడు ఇచ్చేది దాని కమిటీ. హోటళ్ళ వాళ్ళకో సంఘం, పడవల వాళ్ళకో సంఘం, ఇళ్ళల్లో బస ఇచ్చే వాళ్ళకో సంఘం. అందరి నెత్తిమీదా పెద్ద ఊళ్ళ నుంచి జనాన్ని పంపే టూర్ ఆపరేటర్ల సమాఖ్య. వాళ్ళు అచ్చువేసే పుస్తకంలో ఇల్లు పడితేనే అతిథి గుమ్మం తొక్కుతాడు. పడకపోతే ఎంత గ్రేడు వచ్చినా దుప్పట్లు ఉతికి ఆరేసుకోవడమే. ఇంతకీ కోనసీమ ఎలా ఉండాలో కోనసీమ వాళ్ళకంటే ఆ పెద్దలకే బాగా తెలుసు.

బస ఇళ్ళ సంఘం కార్యదర్శి ముత్యాలరాజు నెల ముందే వచ్చి ఇల్లంతా తిరిగి చూశాడు. గేటు మీద 'బేతేలు నిలయం' అన్న బోర్డు చూశాడు. సావిట్లో సిలువ, వాక్యాల క్యాలెండరు, మిషన్ బడిలో మేష్టరుగా చేసి పోయిన కృపారావుగారి ఫొటో చూశాడు. చూసి, చాలా మర్యాదగా చెప్పాడు.

"నాకేం పట్టింపు లేదండి. మీ నాన్నగారి దగ్గరే ఎక్కాలు నేర్చుకున్నాను ఆయ్. కానీ బయటి వాళ్ళకి కోనసీమ ఇల్లంటే ఒక ఊహ ఉంటుంది కదండీ. దానికి తగ్గట్టు ఉంటేనే సమాఖ్య వాళ్ళు పుస్తకంలో వేస్తారు."

ఎక్కాలు నేర్పిన మేష్టరు ఫొటో, సిలువ, క్యాలెండరు పాత చీరలో చుట్టుకుని ట్రంకుపెట్టెలోకి వెళ్ళాయి. గేటు మీదికి 'పచ్చని గూడు' ఎక్కింది. ఆ మూట కట్టింది రెబెకాయే. మొగుడు ఇంట్లో ఉంటాడంటే గోడలు కూడా ఊడదీసి ఇచ్చేలా ఉంది ఆమె. పాపాయమ్మ కూడా అడ్డు చెప్పలేదు. బోసిపోయిన గోడ కేసి చూసి నవ్వింది.

"గోడమీదవి పెట్టెలో పెట్టేవు, బాగానే ఉంది. మరి నన్నెక్కడ పెడతావురా?"

అందరూ నవ్వారు. జీవన్ కూడా నవ్వాడు. ముత్యాలరాజు గేటు దగ్గర తన ఒక్కడితోనే అన్న ఇంకో మాట మాత్రం ఇంట్లో చెప్పలేదు.

ఆ మాట ఈ ఉదయం ఆటో దిగింది. పేరు సూర్యకుమారి, అంబాజీపేట వైపు నాటకాల్లో తల్లి వేషాలు వేసే మనిషి. జరీ అంచు చీర, పెద్ద బొట్టు, కొప్పులో పూలు, చేతుల నిండా గాజులు. సమాఖ్య పుస్తకానికి పొయ్యి దగ్గర మామ్మ బొమ్మ ఒకటి కావాలట. తెల్లచీర కట్టుకుని బొట్టు లేకుండా ఉండే పాపాయమ్మ ఆ బొమ్మకి సరిపోదట. ఫొటోలు తీసేదాకా దొడ్డివైపు ఉండమ్మా అని జీవన్ తల్లికి చెప్పాడు. చెబుతున్నంతసేపూ నేల చూపులే చూశాడు.

పొయ్యి దగ్గరున్న పాపాయమ్మ తన చేతిలో గరిటె సూర్యకుమారికి అందించింది.

"పొయ్యి కాస్త మొండిదమ్మా. ఊదుతూ ఉండాలి" అని చెప్పి బయటికి నడిచింది.

ఎండెక్కాక కార్లు వచ్చాయి. సమాఖ్య తరఫున వాణి అనే పెద్దావిడ, ఇద్దరు మగవాళ్ళు, ఒక ఫొటోగ్రాఫరు దిగారు. వాళ్ళకి ముందు నడుస్తూ ముత్యాలరాజు. శారోన్ చేత లంగా ఓణీ కట్టించి కొబ్బరిబోండాలు ఇప్పించారు. సూర్యకుమారి పొయ్యి ఊదుతూ నవ్వింది, మూత తీస్తూ నవ్వింది, ఎలా నవ్వమంటే అలా నవ్వింది. అందరికీ సావిట్లో అరిటాకులు వేసి పొట్టిక్కలు వడ్డించారు.

ఆ ఇంట్లో ప్రార్థన లేకుండా ఎవరూ ముద్ద నోట్లో పెట్టరు. కృపారావుగారు ఉన్నన్నాళ్ళూ ఆయన చేసేవారు. ఆయన పోయాక పాపాయమ్మ. ఎంత ఆకలి మీదున్నా ఆమె నాలుగు మాటలు చెప్పి ఆమేన్ అనేదాకా చేతులు కట్టుకు కూర్చోవలసిందే. వడ్డన చప్పుడు ఆగేసరికి ఆమె కాళ్ళు వాటంతటవే దొడ్లోంచి సావిడి గుమ్మం దాకా వచ్చేశాయి. చెంగు తలమీదికి లాక్కుని, కళ్ళు మూసుకుని, చేతులు జోడించింది. అప్పుడు గుర్తొచ్చినట్టుంది, నోరు తెరవలేదు. అలాగని వెనక్కీ వెళ్ళలేదు.

వాణి తినబోతూ ఆగింది. "ఆవిడ ఎవరండీ?"

రెబెకా నెయ్యి వడ్డిస్తున్నదల్లా నిలబడిపోయింది. ముత్యాలరాజు చిన్నగా దగ్గాడు. ఆ దగ్గుకి అర్థం జీవన్‌కి తెలుసు.

"పనిలో సాయానికి వస్తూ ఉంటారండి" అన్నాడు.

పాపాయమ్మ కళ్ళు తెరిచింది. కొడుకు కేసి చూడలేదు. గుమ్మం పక్కనున్న ఖాళీ గిన్నె తీసుకుని, గోడవారగా ఒదిగి నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

వాణి పొట్టిక్కలు అడిగి మరీ వేయించుకుంది. మామ్మగారి చేతిలో ఏదో ఉందంటూ సూర్యకుమారి చేతులు పట్టుకుని ఫొటో దిగింది. పుస్తకంలో మీ ఇల్లు ఖాయమండి అని కారెక్కుతూ ముత్యాలరాజు జీవన్ భుజం తట్టాడు. కార్లు కాలవ మలుపు తిరిగేదాకా జీవన్‌కి సంతోషంగానే ఉంది. ఆ తర్వాత దొడ్లోకి వెళ్ళాలి.

దొడ్డి మెట్టు మీద పాపాయమ్మ, సూర్యకుమారి పక్కపక్కన కూర్చుని మిగిలిన పొట్టిక్కలు తింటున్నారు. జీవన్‌ని చూడగానే సూర్యకుమారి లేచింది. కొప్పులో పూలు అప్పటికే తీసేసింది. ఈవిడ మీ అమ్మగారని ఇందాకే తెలిసింది బాబూ, ముందే తెలిస్తే ఈ వేషం కట్టకపోదును అని చెప్పి, చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయింది.

"అమ్మా, లోపలికి రా" అన్నాడు జీవన్.

"వద్దులెండి. ఇక్కడే తినేస్తాను. గిన్నెలు తోమేసి వెళ్తానండి" అంది పాపాయమ్మ.

వెటకారంగా అని ఉంటే అతను కాళ్ళు పట్టుకునేవాడు. ఆమె మామూలుగా అంది, చిన్నప్పుడు విన్న మాట అప్పజెప్పినట్టు అంది. జీవన్ అక్కడే మట్టిలో కూలబడ్డాడు. పాపాయమ్మ చేతిలోని బుట్ట పక్కన పెట్టింది.

"మా అమ్మ రైతుల ఇళ్ళ దొడ్డిగుమ్మాల దగ్గర నిలబడి గంజి పోయించుకునేది. నేను పక్కన నిలబడేదాన్ని. ఎవరూ అని లోపల్నుంచి అడిగితే, పనికొచ్చింది అనేవారు. మా అమ్మకో పేరుందని వాళ్ళకి తెలీదు. మీ నాన్న ఈ ఇల్లు కట్టి నన్ను వీధిగుమ్మంలోంచి నడిపించుకొచ్చేరు. ఇంక నాకు దొడ్డిగుమ్మం లేదనుకున్నాను."

శారోన్ ఓణీ పిన్నులు పీకేస్తూ వచ్చి నిలబడింది. ఇదంతా నీకోసమే చేశానమ్మా అని జీవన్ కూతురితో అనబోయాడు.

"రేపు కాలేజీలో ఎవరైనా అడిగితే మామ్మని ఏమని చెప్పమంటావు నాన్నా?"

రెబెకా కూతుర్ని దగ్గరికి లాక్కుంది.

"ఆయన్నొక్కణ్ణే అనకు. సిలువని మూటగట్టింది నేను. ఈ మనిషి కళ్ళ ముందుంటే చాలనుకున్నాను. దేవుణ్ణి పెట్టెలో పెట్టినదాన్ని, అత్తయ్యగారి దాకా వస్తుందని ఎందుకు అనుకోలేదో" అని, మాట పూర్తి కాకుండానే ఏడ్చేసింది.

ఆ పూట నుంచి ఆ ఇంట్లో ప్రార్థన ఆగిపోయింది. పాపాయమ్మ అందరికంటే ముందే దొడ్డి అరుగు మీద ఇంత తినేసి పడుకునేది. మిగిలిన ముగ్గురూ కంచాల ముందు కూర్చుని, ఎవరో మొదలుపెడతారని చూసి చూసి, తలొంచుకుని తినేసేవారు. జీవన్ పెట్టెలోవి తీసి మళ్ళీ గోడకి తగిలించాడు. పాత బోర్డు గేటుకెక్కించాడు. తల్లి అవి చూసి దొడ్డివైపు వెళ్ళిపోయింది, అతనితో మాట్లాడ్డమే మానేసింది.

ఆ తర్వాత అతను ముత్యాలరాజుకి ఫోన్ చేసి, పుస్తకంలో మామ్మ బొమ్మ వేస్తే మా అమ్మ బొమ్మే వేయాలని, తెల్లచీరలోనే వేయాలని చెప్పాడు. ముత్యాలరాజు ఓపిగ్గా విన్నాడు. మీ మాట న్యాయమేనండి, పై వాళ్ళకి చెప్పి చూస్తాను అన్నాడు. చెప్పాడో లేదో, పుస్తకం వచ్చింది. అందులో పక్క ఊరి ఇల్లుంది. ఆ ఇంట్లో మామ్మ వేషానికి సూర్యకుమారి రానందిట. వేరే ఎవరో దొరికారు.

ఆ చలికాలమంతా కాలవ గట్టు మీద కార్లు వెళుతూనే ఉన్నాయి. బేతేలు నిలయం ముందు ఒక్కటీ ఆగలేదు. పుస్తకంలో లేని ఇంటికి మేం మనుషుల్ని తీసుకురాకూడదండి అని పడవల వాళ్ళు కూడా చెప్పేశారు. ఉతికిన దుప్పట్లు మడతల్లోనే పసుపెక్కాయి. చివరికి మస్కట్ హోటల్ వాళ్ళకి జీవన్ తనే ఫోన్ చేసుకున్నాడు. టిక్కెట్టు వచ్చిన రోజు సాయంత్రం పాపాయమ్మ అతని గదిలోకి వచ్చి మంచం చివర కూర్చుంది. అన్నాళ్ళ తర్వాత అతనితో మాట్లాడింది.

"ఏరా, ఆ రాజుగారి దగ్గరికి ఇంకోసారి వెళ్ళు. వాళ్ళకి కావలసిన మామ్మ బొమ్మే వేసుకోమను. నేను పనిమనిషిగానే ఉంటాను. నాకేం కష్టం లేదు. నువ్వు ఇక్కడుంటే చాలు."

జీవన్ తల్లి ఒళ్ళో తల పెట్టి, ఆమె చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. ఆమె అంత మాట తన కోసం అనగలదని అతనికి తెలుసు. ఆ రోజు గుమ్మంలో నిలబడ్డప్పుడు కూడా, ముందుగా అడిగి ఉంటే, ఆమె ఒప్పుకునేదే. అడగకుండా తీసేసుకున్నాడు.

"ఉండలేనమ్మా. అలా ఉండలేను" అన్నాడు.

వెళ్ళే రోజు ఉదయం సావిట్లో నాలుగు ఆకులు వేశారు. పాపాయమ్మ పొట్టిక్కలు వడ్డించి, కొడుకు పక్కనే కూర్చుని, చెంగు తలమీదికి లాక్కుంది. ప్రయాణం గురించి, అక్కడి వేడి గురించి, శారోన్ చదువు గురించి దేవుడికి చెప్పింది. కొడుకు పేరు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. ఆ ప్రార్థన శారోన్ పూర్తి చేసింది. అందరూ ఆమేన్ అన్నారు.

గేటు దగ్గర రెబెకా, శారోన్ ఆగిపోయారు. పాపాయమ్మ ఆగలేదు. కారు కదిలాక కూడా కాలవ గట్టు వెంట తెల్లచీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని నడుస్తూనే ఉంది. జీవన్ వెనక్కి తిరిగి అద్దంలోంచి చూస్తున్నాడు. కారు మలుపు తిరిగింది. ఆమె కనిపించడం మానేసింది.

ఇంకాస్త దూరం పోయాక డ్రైవరు అడిగాడు.

"ఇందాక వెనకాల నడుచుకుంటూ వచ్చేరు, ఆవిడ ఎవరండీ?"

జీవన్ కిటికీ అద్దం దించాడు. ఎంత గట్టిగా చెప్పినా ఆమెకి వినపడే దూరం కాదు.

"మా అమ్మండి" అన్నాడు.

"ఆయ్" అని డ్రైవరు గేరు మార్చాడు.