తీశా

మధ్యాహ్నమే చీకటి పడ్డట్టుంది. బయట కుండపోత వాన. కరెంటు పోవడంతో అందరూ ఇళ్లకు జారుకున్నారు. రిపేరు షెడ్డులో పనివాళ్లలో మేస్త్రి ఒక్కడే మిగిలాడు, ఎర్ర ట్రాక్టరు ముందు. మూడేళ్ల తర్వాత మళ్లీ అదే బండి. మళ్లీ గేర్‌బాక్సే.

"సాయంత్రానికి బండి బయటికి పోవాలి మేస్త్రీ, కళ్లు తుడుచుకుంటూ కూర్చోకు," అన్నాడు యజమాని, తన అద్దాల గదిలోకి పోతూ.

ఆ షెడ్డులో ఒక మాట ఉండేది. మూత విప్పిన గేర్‌బాక్సులో ఒకడు చెయ్యి పెట్టి చూస్తాడు. ఇంకొకడు సీట్లో కూర్చుని తాళంచెవితో సెల్ఫ్ కొట్టి పళ్లచక్రాలు తిప్పుతాడు. తిప్పేముందు "చెయ్యి?" అని అడగాలి. లోపలివాడు "తీశా" అనాలి. పనివాళ్లు తమకోసం తాము చేసుకున్న చట్టం అదొక్కటే. "భద్రతే మన బాధ్యత" అని గోడమీద రాయించింది మాత్రం యజమాని. చెమట వీళ్లది, తొందర ఆయనది, తప్పేమో చచ్చినవాడిది!

మూడేళ్ల కిందట ఆరోజు ఇదే బండి లోపల చెయ్యి పెట్టింది మేస్త్రి బావమరిది. "ఇంకా ఎంతసేపయ్యా!" అని యజమాని అరిచాడు. సీట్లో ఉన్న మేస్త్రి అడగలేదు. తాళంచెవి తిప్పేశాడు. ఆస్పత్రికి చేరేలోగా కుర్రాడి ఒంట్లో నెత్తురు మిగల్లేదు.

"అడిగాను, తీశా అన్నాడు," అని వాంగ్మూలం కాగితం మీద సంతకం పెట్టాడు మేస్త్రి. "అనడం నేను విన్నాను," అని కింద యజమాని సాక్షి సంతకం.

భార్య ఇప్పటికీ అన్నం వడ్డిస్తూ అడుగుతుంది. "మా తమ్ముడు నిజంగా అన్నాడా?"

"అన్నాడే," అంటాడు, కంచంలోకి చూస్తూ.

ఈసారి ముందే బ్యాటరీ విప్పి గోడవారన పెట్టాడు. తాళంచెవి జేబులో వేసుకున్నాడు. మూత ఎత్తగానే మాడిన నూనె వాసన గుప్పుమంది. టార్చి వెలుగులో, విరిగిన పన్నుముక్క అడుగున మెరిసింది. మోచేతిదాకా చెయ్యి దించాడు.

నూనె చల్లగా ఉండాలి. వెచ్చగా ఉంది.

పైన సీటు స్ప్రింగు కిర్రుమంది... ఎవరో కూర్చున్నట్టు.

"బావా..." గుసగుస. "చెయ్యి?"

లాగాడు. రాలేదు. రెండు చక్రాల మధ్య వేళ్లు ఇరుక్కున్నాయి. లేదు, తియ్యలేదు అనాలి...

"తీశా."

అది మేస్త్రి గొంతే. కానీ అతని నోరు కదల్లేదు.

టక్... చక్రం ఒక పన్ను తిరిగింది. గోరు చిట్లింది.

"అడగలేదురా!" కేకపెట్టాడు. "ఆరోజు నేను అడగలేదు! నువ్వేమీ అనలేదు!"

చక్రం ఆగింది. వాన చప్పుడు కూడా ఆగినట్టయింది.

"అక్కకి చెప్పావా?"

"చెప్తా... ఇవాళే చెప్తా నాన్నా..."

అద్దాల తలుపు తెరుచుకుంది. గుమ్మంలో యజమాని.

"ఏంటయ్యా ఆ గోల?"

"సార్, చెయ్యి లోపలుంది! లాగండి! నేను తీశా అనలేదు!"

యజమాని కదల్లేదు. కళ్లు మేస్త్రి మీద లేవు. ఖాళీ సీటు మీదున్నాయి. కాగితం చూసి చదువుతున్నవాడిలా, నెమ్మదిగా అన్నాడు.

"అనడం నేను విన్నాను."

బ్యాటరీ లేని బండిలో సెల్ఫ్ మూలిగింది.