జీరో చూపించిన జాయింటు

బాయిలర్ ఆపరేటర్ కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే చచ్చిపోయాడు. చేతిలో టీ గ్లాసు ఇంకా వెచ్చగానే ఉంది. టీలో విషం.

ఆ కబురు అందిన కాసేపటికి గూఢచారి సింహం, తన పై అధికారి పెద్దాయన ఆఫీసులో నిలబడి ఉన్నాడు. సింహం అతని కోడ్ పేరు. ఆ పేరు పెట్టినవాడికి మనిషి సంగతి తెలియదు. కుర్చీ కిర్రుమన్నా ఉలిక్కిపడే రకం. ఇన్నేళ్లు ఈ ఉద్యోగంలో ప్రాణాలతో ఉన్నాడంటే ఆ భయం చలవే.

"విదేశీ ముఠా పని," అన్నాడు పెద్దాయన. "పైన హాల్లో రెండు దేశాల వాళ్లు శాంతి చర్చలకి కూర్చున్నారు. సరిగ్గా కింద బాయిలర్. ప్రెషర్ మీటరు చూస్తే నిమ్మళంగా ఉంది, గోడలు చూస్తే వణుకుతున్నాయి."

"అందర్నీ బయటికి పంపేద్దాం సార్."

"చర్చలు చెడగొట్టాలనేగా వాళ్లు ఇదంతా చేస్తోంది. నువ్వు చప్పుడు చెయ్యకుండా బాగుచెయ్యి."

"హాల్లో అనువాదం చేసేది..."

"మీ ఆవిడే. తెలుసు. అందుకే నిన్ను పంపుతున్నా. ఇవాళ నీ అంత జాగ్రత్తగా ఎవరూ పనిచెయ్యరు. ఇంకో మాట. వదిన అటు తిరిగింది. తను ఏం చెప్పినా నమ్మకు."

వదిన నిజానికి ఎవరికీ వదిన కాదు. ఒకప్పుడు ఒక మిషన్‌లో సింహానికి వదినగా నటించింది. ఆ పిలుపు అలాగే అతుక్కుపోయింది. చూస్తే కళ్లు తిప్పుకోలేని మనిషి. రెండు వైపులా పనిచేసే డబుల్ ఏజెంట్. సర్క్యూట్లంటే ఆవిడకి మంచినీళ్లు తాగినంత సులువు.

సింహం బాయిలర్ మెకానిక్ వేషం వేశాడు. నూనె మరకల చొక్కా, గుబురు మీసం, మొహం నిండా మసి. చేతికి ఉన్న వాచీలోంచి రెండు సన్నటి వైర్లు లాగితే అదే వోల్ట్‌మీటరు.

బేస్‌మెంటులో అడుగుపెట్టాడు. బాయిలర్ మూడు ట్యాంకులూ లోపల ఎవరో మూలుగుతున్నట్టు చప్పుడు చేస్తున్నాయి. మంట ఆపే బటన్ నొక్కాడు. పనిచెయ్యలేదు. ఆవిరి వదిలే వాల్వు చక్రాన్ని ఎవరో ఊడబీక్కుపోయారు. ఇక మిగిలింది గోడకున్న డబ్బాలోని కార్డు ఒక్కటే. మూడు ట్యాంకుల సెన్సర్లూ దానికి తలా ఇంత వోల్టేజి పంపుతాయి. కార్డు మీదున్న నల్లటి చిప్, ఆప్ ఆంప్, ఆ మూడింటినీ కూడుతుంది. మొత్తం హద్దు దాటితే వాల్వు దానంతటదే తెరుచుకోవాలి.

తెరుచుకోవడం లేదు.

డబ్బా విప్పి చూశాడు. చిప్ ముందున్న జాయింటు దగ్గరికి మూడు వైర్లు రావాలి. నాలుగు వచ్చాయి. అన్నీ ఒకే రంగు. ఒక్కోదానికీ ఒక్కో రెసిస్టర్.

వాచీ వైరు జాయింటు దగ్గర ఆనించాడు. మొదటి వైరు, జీరో. రెండోది జీరో. మూడోదీ, నాలుగోదీ అంతే.

"సార్, నాలుగూ చచ్చాయి," అన్నాడు చెవిలోని మైకుతో.

"అయితే కార్డు పోయింది. పీకేసి కొత్తది పెట్టు."

సింహం కార్డు అంచు పట్టుకున్నాడు.

"చెయ్యి తియ్యి మరిదీ."

వెనక్కి తిరిగాడు. నర్సు బట్టల్లో వదిన. చేతిలో పిస్టల్.

"కాఫీ చల్లారిందా?" అంది. అది నిన్నటి కోడ్ మాట. పొద్దునే మార్చేశారు.

"అది పాత మాట వదినా."

"నాకు కొత్తది ఎవడు చెప్తాడు? చెప్పేది విను. కార్డు పీకితే వాల్వు లాక్ అయిపోతుంది. ముఠావాళ్లు ఎదురుచూస్తోంది దానికే."

"అన్ని వైర్లూ జీరో చూపిస్తున్నాయి."

"జాయింటు దగ్గర చూస్తే జీరో కాక ఇంకేం చూపిస్తుంది? ముందునుంచి వైర్లు ఎంత తోస్తే, వెనకనుంచి చిప్ అంత లాగి ఆ పాయింటుని జీరోలో పట్టుకుంటుంది. అక్కడ జీరో ఉందంటే చిప్ బతికుందని అర్థం. రెసిస్టర్‌కి అవతలి పక్క చూడు."

ట్యాంకు ఒకటి పెద్దగా మూలిగింది. బోల్టు ఒకటి ఎగిరొచ్చి గోడకి కొట్టుకుంది. పైన తన భార్య ఎవరి మాటనో మెల్లగా, తప్పు రాకుండా ఇంకొకరి భాషలోకి మారుస్తూ ఉంటుంది.

"సింహం, పీకావా?" చెవిలో పెద్దాయన.

సింహం కార్డు వదిలేశాడు. అవతలి పక్క మీటరు పెట్టాడు. ప్లస్ మూడు. ప్లస్ మూడు. ప్లస్ మూడు. నాలుగోది, మైనస్ మూడు.

"ప్రెషర్‌కి మైనస్ ఎక్కడిది?" అని గొణిగాడు.

"అదీ, ఇప్పుడు అడిగావు."

నాలుగో వైరు వెంబడి వేళ్లు పోనిచ్చాడు. ఏ ట్యాంకుకీ వెళ్లలేదు. డబ్బా వెనక టేపుతో అంటించిన చిన్న బ్యాటరీ దగ్గర ఆగింది. తిరగేసి కట్టారు. ట్యాంకుల్లో ఎంత పెరిగినా మొత్తంలోంచి అది మూడు తినేస్తోంది. తొమ్మిది ఉన్నచోట ప్రెషర్ మీటరు ఆరే చూపిస్తోంది. వాల్వు తెరుచుకునే హద్దు ఎనిమిది.

రెండో ట్యాంకు అతుకు వెంట ఆవిరి బుసకొట్టింది. చెమటకి వైరు వేళ్లలోంచి జారిపోయింది. మళ్లీ పట్టుకున్నాడు. కళ్లు మూసుకుని లాగేశాడు.

టక్ మంది వాల్వుని కదిలించే రిలే స్విచ్చి. వాల్వు తెరుచుకుంది. ఆవిరంతా పైపులోంచి పెరట్లోకి దూసుకుపోయింది, భవనం మొత్తం దద్దరిల్లేలా. మూలుగు మెల్లగా తగ్గింది.

సింహం నేలమీద చతికిలబడ్డాడు. చూస్తే వదిన లేదు.

"వదిన గానీ కనబడిందా?" అన్నాడు పెద్దాయన.

"లేదు సార్," అన్నాడు సింహం.

మెట్లెక్కి వరండాలోకి వచ్చేసరికి చర్చలకి టీ విరామం ఇచ్చారు. పెద్దమనుషులంతా పెరట్లో ఆవిరి చూస్తూ నిలబడ్డారు. వాళ్ల మధ్యలోంచి అతని భార్య విసవిసా వచ్చింది. మసిమొహం వంకా, మీసం వంకా చూసింది. పోల్చుకోలేదు.

"ఏమయ్యా, బాయిలర్ చూసేది నువ్వేనా? ఏంటా చప్పుడు? పైన మనుషులున్నారన్న భయం ఉండక్కర్లేదా?"

సింహం తల దించుకున్నాడు.

"భయం ఒక్కటీ బాగానే ఉందమ్మా," అన్నాడు బొంగురు గొంతుతో.