అలిగిన మెయిలు

"నేను పాస్‌వర్డ్ మార్చలేదండీ. మా అమ్మ మీద ఒట్టు," అంటూనే సరళ ఏడ్చేసింది.

బందరులో ప్రైవేటు డిటెక్టివ్ భార్గవి ఆఫీసు అప్పుడే తెరిచారు. అసిస్టెంటు సుధన్వ కుర్చీ లాగి మంచినీళ్లిచ్చాడు. ఏడుస్తూ వచ్చినవాళ్లు నవ్వుతూ వెళ్లడం అతను చాలాసార్లు చూశాడు. అందుకే అతనికి భార్గవి అంటే భక్తి.

సరళది పక్కనే ఉన్న గూడూరు. బందరులో మల్లికార్జునరావు గారి రోల్డ్‌గోల్డ్ నగల కంపెనీలో మెయిళ్లు చూసే ఉద్యోగం. సోమవారం నుంచి అక్కడి కంప్యూటర్లో మెయిలు రావడం లేదు, పోవడం లేదు. ప్రోగ్రాం తెరిస్తే చాలు, ఎర్రర్ మెసేజి. దుబాయి పార్టీ ఒకటి పెద్ద ఆర్డరు ఖాయం చేస్తూ మెయిలు పెడతామంది. అది వచ్చిందో లేదో తెలియదు. సరళ తమ్ముడు ఈమధ్యే పోటీ కంపెనీలో చేరాడు. ఇంకేముంది, పాస్‌వర్డ్ మార్చి ఆర్డరు అటు మళ్లించింది ఈ పిల్లేనని తేల్చేశారు.

"సాయంత్రంలోగా ఒప్పుకోకపోతే పోలీసు స్టేషనుకే అన్నారండీ. ఉద్యోగం పోతే పోనీ. దొంగ అనిపించుకుని మా ఊళ్లో బస్సెలా దిగను?"

భార్గవి లేచింది. "పద. ఆ మెసేజి ఏమంటోందో చదువుదాం."

"ఇన్నాళ్లూ ఎవరూ చదవలేదంటారా?" అన్నాడు సుధన్వ.

"మనవాళ్లు ఎర్రర్ మెసేజిని చదవరు సుధన్వా. మూసేస్తారు."

కంపెనీలో ఆ కంప్యూటరు ఉన్నది మల్లికార్జునరావు గదిలోనే. లెక్కలు చూసే మేనల్లుడు కళ్యాణ్ దాని ముందు చెమటలు కక్కుతున్నాడు.

"పాస్‌వర్డ్ కొట్టీ కొట్టీ వేళ్లు నొప్పెట్టాయండీ. ప్రోగ్రాం తీసేసి మళ్లీ ఎక్కించాను. అయినా అదే పాట. ఇది లోపలివాళ్ల పనే."

భార్గవి మెసేజిని తెలుగులో చదివి వినిపించింది. "సర్వర్ సర్టిఫికెట్ గడువు ముగిసింది, లేదా ఇంకా మొదలుకాలేదు. పాస్‌వర్డ్ తప్పని ఇందులో ఎక్కడుందండీ? సర్టిఫికెట్ అంటే సర్వరు చూపించే గుర్తింపు కార్డు. దానికీ ఒక తేదీ నుంచి ఒక తేదీ దాకా అని ఉంటుంది."

భార్గవి అదే పాస్‌వర్డుతో సుధన్వ ఫోనులో మెయిలు తెరిపించింది. తెరుచుకుంది. దుబాయి ఆర్డరు అక్కడ భద్రంగా ఉంది, ఇవాళే జవాబు కావాలంటూ.

"మరి ఇక్కడెందుకు రాదు?" మల్లికార్జునరావు తగ్గలేదు. "ఈ అమ్మాయి ఇంకేదో చేసింది."

భార్గవి సుధన్వ చెవిలో అడిగింది. "స్క్రీను కింద మూల చూశావా?"

"చూశానండీ. టైము సరిగ్గానే ఉంది."

"అదే విశేషం," అని కళ్యాణ్ వైపు తిరిగింది. "సోమవారం ఏం జరిగింది?"

"వెనక కొత్త షెడ్డు మొదలెట్టామండీ. నేనూ సరళా అందరికీ తొక్కుడు లడ్డూలు పంచాం. పొద్దంతా అక్కడే."

పక్కనే ఇల్లు. రావుగారి తల్లి మాణిక్యమ్మ దేవుడి గది ముందు పూలు కడుతోంది. షెడ్డు సంగతి ఎత్తగానే మొహం చాటంత చేసుకుంది.

"ఇప్పుడు మూఢం నడుస్తోంది కదా. మూఢంలో మేం చీపురుకట్ట కూడా కొత్తది కొనం తల్లీ. షెడ్డు పేర బోణీ బిల్లు కార్తీకంలోనే కొట్టేశాట్ట మా అబ్బాయి. ఆ సంగతి మొన్న సోమవారం చెప్పి, తెచ్చిచ్చాడు. అదిగో, దేవుడి దగ్గరే పెట్టాను."

భార్గవి ఆ బిల్లు మీది తేదీ చూసి, దణ్ణం పెట్టుకుని, అందర్నీ రావుగారి గదిలోకి పిలిచింది.

"ఇక్కడ దొంగతనం జరగలేదు. తేదీ ఒక్కటే వెనక్కి జరిగింది. ఈ మూల చూడండి, కంప్యూటరు ఇంకా కార్తీకంలోనే ఉంది. లోపల బ్యాటరీ పోతే టైము కూడా పోయేది. టైము సరిగ్గా ఉండి తేదీ ఒక్కటే మారిందంటే అది మనిషి చెయ్యి. సోమవారం కళ్యాణూ సరళా షెడ్డులో ఉన్నారు. ఈ గదిలో మిగిలింది ఎవరు?"

అందరూ మల్లికార్జునరావు వైపు చూశారు.

"అమ్మగారు మూఢంలో బోణీ వద్దన్నారు. వ్యాపారం ఆగనంది. అందుకని రావుగారు తేదీని కార్తీకానికి జరిపి బిల్లు ప్రింటు తీశారు. మళ్లీ ముందుకు జరపడం మర్చిపోయారు. సర్వరు ఇప్పుడు చూపించే సర్టిఫికెట్ కార్తీకం వెళ్లాక వచ్చింది. కార్తీకంలో కూర్చున్న కంప్యూటరుకి అది ఇంకా పుట్టనే లేదు. అందుకే నమ్మనని అలిగింది."

తేదీ సరిచేసింది. మెయిళ్లు బిలబిలమంటూ వచ్చి పడ్డాయి. సుధన్వకి చప్పట్లు కొట్టాలనిపించింది. ఎవరూ చదవని ఒక్క వాక్యాన్ని ఓపిగ్గా చదివి ఒక మనిషి పరువు నిలబెట్టింది, ఇలాంటివాళ్ల దగ్గర పనిచెయ్యడం అదృష్టం అనుకున్నాడు.

మల్లికార్జునరావు తల వంచుకున్నాడు. "అమ్మాయితో తర్వాత మాట్లాడతాలే అమ్మా."

"తర్వాతెందుకురా?" మాణిక్యమ్మ అడ్డుపడింది. "నన్ను మోసం చేశావు, అది మనింటి గొడవ. పరాయి పిల్లని దొంగ అన్నావు. మూఢం మంచి పని మొదలెట్టడానికి అడ్డు గానీ, తప్పు ఒప్పుకోడానికి కాదు. ఇప్పుడే, అందరి ముందూ అడుగు."

ఆయన కుర్చీలోంచి లేచాడు. సరళకి చేతులు జోడించాడు. "తప్పయిపోయిందమ్మా. క్షమించు."

సరళ కళ్లు తుడుచుకుంది. వెళ్లి కంప్యూటరు ముందు కూర్చుని కీబోర్డు దగ్గరికి లాక్కుంది.

"దుబాయికి జవాబు ఏ తేదీతో పంపమంటారు సార్?"

ముందు నవ్వింది మాణిక్యమ్మే.

"ఇవాళ్టి తేదీతోనే పంపు తల్లీ."