నరాల వంతెన మీద మెరుపు

"అమ్మా, దయచేసి మాట్లాడకండి," అన్నాడు డాక్టర్ ఇందుశేఖర్. ఆ ఉదయానికి ఇది మూడోసారి.

"నేనేటి మాట్లాడాను బాబూ? దగ్గాను."

"దగ్గు కూడా వద్దమ్మా. గదిలో చప్పుడుంటే సిగ్నల్ పాడవుతుంది."

వరహాలమ్మ మూతి బిగించి కూర్చుంది. ఇరవై ఎనిమిదేళ్లు విశాఖపట్నం సిటీ బస్సుల్లో కండక్టరుగా గొంతు చించుకున్న మనిషి ఆమె. ఆమెను నోరు మూసుకోమనే మొనగాడు ఇంతవరకూ పుట్టలేదు. ఇవాళ పుట్టాడు, పైగా తెల్లకోటు వేసుకుని వచ్చాడు. పక్క కుర్చీలో ఆమె భర్త గౌరునాయుడు చేతులు కట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు.

పరిశోధనశాలలో వాళ్ల ముందు పొడుగాటి బల్ల, దాని మీద రబ్బరు చాప. చాపకి ఈ చివర మెరుపు అనే తెల్ల కుందేలు, ఆ చివర కొత్తిమీర కట్ట. మెరుపు ముందుకాళ్లు బాగానే ఉన్నాయి. వెనకకాళ్లు రెండూ ఒక పక్కకి వాలిపోయి, ఎవరివో అన్నట్టు పడి ఉన్నాయి. ఎవరూ చెయ్యి వేయకుండా అది ఆ కాళ్ల మీద లేచి నాలుగు గెంతులు గెంతితే పరీక్ష పాసైనట్టు. లేకపోతే దాని వెన్నులో పెట్టిన యంత్రం తీసి, వరసలో ఉన్న మరో జంతువుకి పెడతారు. ఆ తర్వాత మెరుపు గతి ఏమిటో పశువుల డాక్టరు ముందే చెప్పేశాడు. ఒంటికి పుళ్లు మొదలయ్యాయి, ఇలా ఈడ్చుకుంటూ ఇంకో వానాకాలం బతకదు, బాధపడనివ్వకుండా ఇంజెక్షన్‌తో నిద్రపుచ్చడమే మంచిది అన్నాడు.

ఆ మాట విన్నప్పటినుంచి వరహాలమ్మకి అన్నం సయించడం లేదు. ఎవరైనా అడిగితే మాత్రం "పీడా పోతుంది" అనేది.

ఇక ఆ యంత్రం సంగతి. దాని పేరు నరాల వంతెన. మెదడు 'నడు' అని చెప్పిన మాట సన్నటి కరెంటు రూపంలో వెన్నుపాములోంచి కాళ్లకి దిగుతుంది. వెన్నుపాము తెగితే ఆ మాట అక్కడే నిలిచిపోతుంది, గండి పడిన రోడ్డు దగ్గర బస్సు నిలిచిపోయినట్టు. ఇందుశేఖర్ ఆ గండికి పైన ఒక చిప్, కింద ఒక చిప్ అమర్చాడు. ఒక్కోటీ బియ్యపు గింజంత. పై చిప్ మెదడు మాట విని కింది చిప్‌కి అందిస్తుంది, కిందిది కాళ్ల కండరాలకి కరెంటు ఇస్తుంది. చిక్కల్లా ఒక్కటే. కుందేలు బుర్రలో నడక ఒక్కటే ఉండదు కదా! ఆకలి ఉంటుంది, భయం ఉంటుంది, చెవి దురద ఉంటుంది. వీటన్నిట్లో నడక ఏదో చిప్‌కి నేర్పాలి. అందుకని నలభై రోజులపాటు పొద్దునా సాయంత్రం యజమాని ఆ వెనకకాళ్లను చేతులతో పట్టుకుని నడిపించాలి. కాళ్లు కదిలే క్షణంలో పైనుంచి ఏ సిగ్నల్ వస్తోందో చిప్ గుర్తుపెట్టుకుంటుంది. ఆఖరికి 'ఓహో, నడకంటే ఇదన్నమాట' అని దానికి తెలిసిపోతుంది.

యజమాని అని కాగితాల్లో రాసుకున్నది గౌరునాయుడి పేరు. చాకిరీ చేసింది ఎవరో వేరే చెప్పాలా?

అసలు ఈ కుందేలు కావాలని ఎవరడిగారు? రెండేళ్ల కిందట నగరంలో బస్సులన్నీ వాటంతట అవే తిరగడం మొదలుపెట్టాయి. డ్రైవరు లేడు, కండక్టరు లేడు. తలుపు దగ్గర కెమెరా ముఖం చూసి టికెట్టు కొట్టేస్తుంది. లోపల ఒక ఆడగొంతు తేనె పూసినట్టు 'దయచేసి ముందుకు జరగండి' అంటుంది, ఒక్కరూ జరగరు. ఇంకా ఆరేళ్ల సర్వీసు ఉండగానే వరహాలమ్మకి శాలువా కప్పి ఇంటికి పంపించారు. ఇంట్లో తోచక ఆమె గిన్నెలతో తగువులాడుతుంటే చూడలేక, గౌరునాయుడు 'తోడుగా ఉంటుంది' అని ఈ కుందేలును తెచ్చాడు. మెరుపు అని పేరు కూడా ఆయనే పెట్టాడు.

తెచ్చినవాడు ఊరుకున్నాడా? ఆర్నెల్ల కిందట చుట్టాలొస్తే, గొప్పకి దాన్ని చెవులు పట్టుకుని పైకెత్తాడు. "అలా ఎత్తకండి, తన్నుకుంటోంది" అని వరహాలమ్మ మొత్తుకుంటూనే ఉంది. "కుందేల్ని ఇలాగే పట్టుకోవాలి, నాకు తెలీదేటి?" అన్నాడు. కుందేలు వెన్ను బహు సుకుమారం. వెనకకాళ్ల బలం మాత్రం అసాధ్యం. గాల్లో గట్టిగా ఒక్క తన్ను తన్నిందంటే దాని వెన్ను అదే విరగ్గొట్టుకుంటుంది. అదే జరిగింది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే వాళ్లను లోకం చాలామందిని చూసింది. ఈయనగారు పట్టాక దీనికి రెండే మిగిలాయి.

అక్కడినుంచి మొదలైంది వరహాలమ్మకి. పొద్దున లేస్తూనే దాని పొత్తికడుపు మెల్లగా నొక్కి ఉచ్చ పోయించాలి, దానంతటది పోసుకోలేదు. తడిసిన బొచ్చును గోరువెచ్చటి నీళ్లతో తుడిచి, ఆరబెట్టి, పుండు పడిన చోట మందు రాయాలి. గంటగంటకీ పక్క మార్చాలి, కింద గుడ్డలు మార్చాలి. అన్నిటికన్నా విడ్డూరం ఇంకొకటి ఉంది. కుందేళ్లు ఒక రకం మెత్తటి పెంటికలు వేసి వాటిని మళ్లీ తామే తినాలట, లేకపోతే ఒంటికి బలం పట్టదట. వెనక్కి వంగలేని మెరుపుకి అవి ఏరి నోటికి అందించే యోగం కూడా ఆమెకే పట్టింది.

"ఓలమ్మా, కన్నతల్లికి కూడా ఇంత చేయలేదు నేను!" అని ఆమె అరిస్తే, "పాపం, మూగజీవి కదే" అని గౌరునాయుడు పేపరు వెనకనుంచి అనేవాడు.

"అంత జాలుంటే వచ్చి దీని ముడ్డి కడగండి!"

పేపరు ఇంకొంచెం పైకి లేచేది.

నలభై రోజుల వ్యాయామమూ అలాగే గడిచింది. ఆమె ముందుగదిలో గోనెపట్టా పరిచి, నడుం విరిగేలా వంగి, ఆ రెండు కాళ్లూ పట్టుకుని ఈ గోడనుంచి ఆ గోడకి నడిపించేది. చేతులు ఆగేవి కావు, నోరూ ఆగేది కాదు. ఆఖరి వారంలో ఆమెకి ఒక అనుమానం వచ్చింది. తాను తోయకముందే ఆ కాళ్లు చేతిలోంచి జారిపోతున్నట్టున్నాయి. మొగుడికి చెబితే "నీ భ్రమ" అన్నాడు.

ఇప్పుడు చూస్తే భ్రమేనేమో అనిపించింది. ఇందుశేఖర్ స్విచ్ వేశాడు. స్క్రీన్ మీద పచ్చటి గీతలు కదిలాయి. మెరుపు కొత్తిమీర వాసన పట్టింది, ముందుకాళ్లతో జానెడు దూరం పాకింది. వెనకకాళ్లు చాప మీద ఈడ్చుకుంటూ వచ్చాయి. రెండోసారీ అంతే. మూడోసారి కట్టను దగ్గరికి జరిపారు. మెరుపు మెడ చాచి చూసి, తల కింద పెట్టేసింది. వరహాలమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది.

డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "క్షమించండమ్మా. ఇది పన్నెండో జంతువు. ఇంతవరకూ ఒక్కటీ నడవలేదు. రేపు ఆపరేషన్ చేసి చిప్‌లు తీసేస్తాం."

"ఇంకో పది రోజులు చూడొచ్చు కదా బాబూ?"

"రూలు నలభై రోజులేనమ్మా. వెనక చాలా జంతువులున్నాయి."

"పోనీలే వరాలూ," అంటూ గౌరునాయుడు లేచి గుమ్మం దగ్గరికి నడిచాడు. "నీకూ విశ్రాంతి దొరుకుతుంది. ఇంకో కుందేల్ని తెచ్చుకుందాం."

అరికాలి మంట నెత్తికెక్కింది వరహాలమ్మకి.

"ఇంకో కుందేలా? దీన్ని విరగ్గొట్టింది చాల్లేదేటి మీకు? ఆర్నెల్లుగా నా నడుం వంగిపోయింది, ఒక్కనాడు ఒక్క గుడ్డ ఉతికారా? విశ్రాంతట, విశ్రాంతి! డాక్టరు బాబూ, మీరు చెప్పినట్టల్లా చేశాను, దగ్గొద్దంటే దగ్గు కూడా మింగాను. మీ యంత్రానికి బుర్ర లేకపోతే నా మెరుపుదా తప్పు? దాన్నా చంపుతారు?" కళ్లు తుడుచుకుంటూ, కుందేలును తెచ్చిన బుట్ట కోసం గుమ్మం వైపు వెళ్లింది. అక్కడ మొగుడు ఎటు జరగాలో తోచక అడ్డంగా నిలబడి ఉన్నాడు. "దారికడ్డం నిలబడతారేటి? ముందుకు జరగండి! ముందంతా ఖాళీయే కదా! పదండి, రైట్ రైట్!"

వెనక బల్ల మీద టపటపమని చప్పుడైంది.

మెరుపు లేచి నిలబడింది. వెనకకాళ్లు రెండూ కడుపు కిందికి వచ్చాయి. ఒక గెంతు, రెండు, మూడు. నాలుగో గెంతుకి కొత్తిమీర కట్టను తొక్కుకుంటూ దాటేసింది. ఐదో గెంతుకి బల్ల అంచు దగ్గరికి వచ్చేసింది. డాక్టరు నోరు తెరిచాడే గానీ చెయ్యి చాచలేదు.

"హోల్డాన్!" అని కేక పెట్టింది వరహాలమ్మ.

మెరుపు ఠక్కున ఆగింది. అంచుకి బెత్తెడు దూరం ఉంది.

ఇందుశేఖర్ ముందు కుందేల్ని పట్టుకుని, ఆ తర్వాత అడిగాడు. "అమ్మా, ఇంట్లో వ్యాయామం చేయించేటప్పుడు కూడా ఇలా అనేవారా?"

"ఎలాగ?"

"ఆ రైట్ రైట్, హోల్డాన్..."

వరహాలమ్మకి ఆ ప్రశ్నే అర్థం కాలేదు. "రైట్ అనకుండా బండి ఎలా కదులుతుంది బాబూ? హోల్డాన్ అనకుండా ఎలా ఆగుతుంది?" అంది. తాను అలా అంటున్నట్టు ఆమెకే తెలియదు, అలవాటు.

డాక్టరు స్క్రీన్ మీద నలభై రోజుల రికార్డు తిరగేసి తల పట్టుకున్నాడు. "మీ మాట చెవిన పడగానే దాని మెదడులో ఒక పెద్ద అల లేస్తోంది. కాళ్లు కదిలిన ప్రతిసారీ అంతకుముందు ఆ అలే వచ్చింది. చిప్ దాన్నే నడక అనుకుంది. ఇది తప్పు నేర్చుకుందమ్మా! కుందేలు తనకి నడవాలనిపించినప్పుడు నడవాలి. ఇది మీరు చెబితేనే నడుస్తోంది."

"చెబుతాను. నోరేమైనా అరిగిపోద్దా?"

"అది కాదు, వీధిలో ఎవరైనా హఠాత్తుగా ఆ మాట అంటే?"

"ఈ ఊళ్లో ఇప్పుడు ఆ మాట ఎవరంటున్నారు బాబూ?"

ఇందుశేఖర్ అదీ పరీక్షించాలనుకున్నాడు. ముందు గౌరునాయుడి చేత అనిపించి చూశాడు. మెరుపు ఆయన వైపు వీపు తిప్పింది. తర్వాత వరహాలమ్మ గొంతు రికార్డు చేసి స్పీకర్లో వినిపించాడు. అది తాపీగా చెవి దువ్వుకుంది.

"స్పీకరు మాట మనుషులే వినడం లేదు, అదేటి వింటుంది?" అంది వరహాలమ్మ. వంగి, మామూలుగా "రైట్ రైట్" అంది. మెరుపు గెంతింది.

"మనిషి అవసరం లేకుండా పనిచేయాలని కదమ్మా దీన్ని తయారు చేసింది!" అని డాక్టరు విసుక్కున్నాడు. అయినా పన్నెండింటిలో నడిచింది ఇదొక్కటే. కాసేపు గడ్డం గోక్కుని, కాగితం మీద పాస్ అని రాసి సంతకం పెట్టాడు. "ఒక షరతు. రోజూ రెండు పూటలా, అది బతికున్నన్నాళ్లూ, మీరే నడిపించాలి. యంత్రాన్ని నడిపేవారి హోదా ఏమని రాయమంటారు?"

"కండక్టరని రాయండి. ఇంతకీ ఇది ఎన్నాళ్లు బతుకుతుంది?"

"బాగా చూసుకుంటే ఇంకో ఎనిమిదేళ్లు."

"ఎనిమిదేళ్లా! ఇంటికి పంపినప్పుడు నాకు మిగిలిన సర్వీసే ఆరేళ్లు!"

"సెలవులు కూడా లేవు," అన్నాడు గౌరునాయుడు. ఆమె చూసిన చూపుకి బుట్ట తీసుకుని గబగబా బయటికి నడిచాడు.

తిరుగు ప్రయాణంలో మద్దిలపాలెం దగ్గర బస్సు ఆగిపోయింది. జనమంతా తలుపు దగ్గరే గుంపు కట్టారు, మధ్యలో బారెడు జాగా ఖాళీగా ఉంది. తలుపు మూసుకోవడం లేదు, బస్సు కదలడం లేదు. తేనె గొంతు 'దయచేసి ముందుకు జరగండి' అని పదోసారి అంది. అందరూ ఫోన్లు చూసుకుంటున్నారు. బుట్ట ఒళ్లో పెట్టుకుని వరహాలమ్మ పళ్లు బిగబట్టింది.

"నీకెందుకే?" అన్నాడు గౌరునాయుడు, ముందే భయపడి.

"ఏటి బాబూ అలా నిలబడిపోయారు? ముందంతా ఖాళీయే కదా! ముందుకు జరగండి! రైట్ రైట్!"

నలుగురు తలెత్తి చూశారు. మళ్లీ ఫోన్లలో తల దూర్చారు. ఒక్క కాలూ కదల్లేదు.

ఒళ్లో బుట్ట మాత్రం దడదడలాడింది. లోపల మెరుపు వెనకకాళ్లతో గెంతులు వేస్తోంది, మూత ఊడి వచ్చేలా ఉంది. వరహాలమ్మ రెండు చేతులా బుట్టను అదిమి పట్టుకుంది. కళ్ల నీళ్లు ఎందుకొచ్చాయో గానీ వచ్చాయి.

"హోల్డాన్! హోల్డానే తల్లీ! నీక్కాదే నేను చెప్పింది!"