కొరివికారానికి మూడు అవకాశాలు

"చిరుతీపి. పసిపిల్లలకు మొదటి ముద్దగా పెట్టవచ్చు."

నార్వే నుంచి ఒకావిడ పంపిన ఆ అభిప్రాయాన్ని తెర మీద చదివేసరికి హిమబిందుకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆమె చేసింది పాయసం కాదు, కొరివికారం! పండుమిరపకాయల్ని చింతపండు, ఉప్పుతో రోట్లో తొక్కి, మెంతిపిండి కలిపి, ఇంగువ తాలింపు పెట్టిన పచ్చడి. గుంటూరులో ఆమె జాడీకి ఎదురులేదు.

"మీ మిషన్ చెడిపోయింది డాక్టరమ్మా!"

"చెడిపోలేదండీ. రెండుసార్లు టెస్ట్ చేశాను," అంది డాక్టర్ ఆరిఫా. ఆ యంత్రం తయారుచేసిన బృందంలో ఆమె ఒకరు.

దాని పేరు రుచివాణి. చూడటానికి వేలిగోరంత పట్టీ. దాన్ని అంగిలికి అతికించుకుని ఒకరు తింటే, నాలుక నుంచి మెదడుకు వెళ్ళే సిగ్నల్స్‌ను అందులోని సెన్సర్లు పట్టుకుని నెట్‌వర్క్‌లోకి పంపుతాయి. ఎక్కడో మరొకరు అలాంటి పట్టీయే పెట్టుకుంటే ఆ రుచి వాళ్ళ నోట్లోకి దిగుతుంది. తిండి ఉన్నచోటే ఉంటుంది, రుచి మాత్రం సముద్రాలు దాటుతుంది.

హిమబిందుకు రెండేళ్ళుగా అదే లోకం. అంతకుముందు ఏ దేశపు వంట తిన్నా ఆమెకు గడ్డి నమిలినట్టుండేది. సంచిలో కారప్పొడి పొట్లం లేకుండా హోటల్ గడప తొక్కేది కాదు. రుచివాణిలో మాత్రం మెక్సికో మోలే పులుసు, ఇథియోపియా వాట్ కూర, చివరికి నార్వే చేపల సూప్ కూడా అదిరిపోయాయి. ఆ సూప్‌లో వేసేది నాలుగు మిరియాలే. అయినా ఆమె నాలుక చురుక్కుమంది. అనుమానం అప్పుడే రావాల్సింది. రాలేదు.

ఇప్పుడు రుచివాణి సంస్థ ప్రాంతానికొక రుచిని శాశ్వతంగా భద్రపరుస్తోంది. ప్రపంచంలోని బడిపిల్లలందరూ భూగోళ పాఠంలో దాన్నే చవిచూస్తారు. ఒక్కో ప్రాంతానికి మూడు అవకాశాలు. మూడోది ఎలా వస్తే అలాగే సీలు పడిపోతుంది, మళ్ళీ మార్చేది లేదు. గుంటూరు వాళ్ళు ఏరికోరి హిమబిందును ఎంచుకున్నారు. మొదటి ప్రసారం చప్పగా పోయింది. రెండోసారి మిరపకాయలు రెట్టింపు చేసింది. నార్వే ఆవిడ "చిరుతీపి" అన్నది దాన్నే.

"పచ్చడిలో లోపం లేదండీ," అంది ఆరిఫా. "మీ నాలుక అరవై ఏళ్ళుగా కారానికి అలవాటు పడిపోయింది. యంత్రం పంపేది పచ్చడిని కాదు, మీకు ఎలా ఉందో దాన్ని. మీకు కమ్మగా ఉంది, వాళ్ళకూ కమ్మగానే వెళ్ళింది."

"అంటే ఏందండీ? కారం తినగలగటం నా తప్పా?"

"తప్పని కాదు. కారం తట్టుకోలేనివాళ్ళు కావాలి. మీ ఊళ్ళో ఎవరైనా ఉన్నారా?"

వారం రోజులు ఇల్లిల్లూ తిరిగారు. అడిగిన ప్రతివాళ్ళూ తమను తిట్టినట్టే మొహం పెట్టారు. "మా వంశంలో అట్టాంటివాళ్ళు లేరు" అని ఒకాయన తలుపు కూడా వేసుకున్నాడు.

చివరికి హిమబిందు తల దించుకుని నిజం చెప్పింది. ఉన్నాడు. తన అల్లుడు నిశాంత్. కాకినాడ కుర్రాడు, పప్పులో ఎండుమిరపకాయ కనబడితే చెంచాతో తీసి పక్కన పెట్టే రకం. పరువు పోతుందని, అతనికి అల్సర్ ఉందని బంధువులందరికీ చెప్పుకొస్తోంది ఆమె.

"మీకోసం తింటాను అత్తయ్యా. అంబులెన్స్ మాత్రం గుమ్మంలో ఉంచండి," అన్నాడు నిశాంత్.

మొదటి రోజు ఆరిఫా దగ్గరుండి పరీక్ష చేసింది. నిశాంత్ నాలుక మీద ఆవగింజంత కొరివికారం పెట్టింది. అతను గావుకేక పెట్టాడు. పట్టీ పెట్టుకుని ఎదురుగా కూర్చున్న హిమబిందు "అమ్మబాబోయ్!" అంటూ కుర్చీలోంచి లేచింది. ముక్కూ కళ్ళూ ఏకమయ్యాయి. చెంబెడు మజ్జిగ తాగి, చెంగుతో కళ్ళు తుడుచుకుని, "ఇంత మంటా! ఇన్నేళ్ళూ నేను తింటన్నది ఇదా!" అని మురిసిపోయింది.

"పట్టీ అతని నాలుకకు పూర్తిగా కుదురుకోవడానికి ఇరవై రోజులు పడుతుంది," అంది ఆరిఫా. "రోజూ ఇంట్లోనే ఆవగింజంత పెట్టి వెంటనే పాలు తాగించండి. అంతకు మించొద్దు."

ఇరవై ఒకటో రోజు హాలు నిండిపోయింది. అందరి అంగిళ్ళకూ పట్టీలే. నిశాంత్ ముందు కంచం, జాడీ, పక్కన పాల గ్లాసు. ఎర్ర లైటు వెలిగింది. అతను ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. హిమబిందు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది.

మంట రాలేదు. వేడన్నం, నెయ్యి, ఇంగువ, పులుపు... అంతా కమ్మగా దిగింది. హాల్లో అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

ఆరిఫా గిరుక్కున తిరిగింది. "రోజూ ఎంత పెట్టారండీ?"

"ఆవగింజంతే! నాలుగు రోజులు..." హిమబిందు గొంతు తగ్గింది. "అల్లుడు కంచం ముందు కూర్చుంటే ఆవగింజంత పెట్టి లేపుతామా డాక్టరమ్మా? వేడన్నంలో ముద్ద కలిపా. మంటెత్తుద్దని కాస్త నెయ్యేశా. వద్దంటే మొహమాటపడతన్నాడనుకుని ఇంకో ముద్ద పెట్టా. రోజూ అంతే."

"మొహమాటం కాదండీ, అది నొప్పి! ఆ నొప్పే మనకు కావాల్సింది!" డాక్టరు అరిచిన అరుపు హాలు చివరిదాకా వినిపించింది. హిమబిందుకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద మండిపడాలో తెలియలేదు.

ఎర్ర లైటు ఆరి పచ్చ లైటు వెలిగింది. మూడో ప్రసారానికి సీలు పడింది. ఇక ప్రపంచంలోని పిల్లలందరికీ గుంటూరు కొరివికారం అంటే ఒక కమ్మటి నేతిముద్ద.

ఇదేమీ పట్టని నిశాంత్ పాల గ్లాసును పక్కకు జరిపి కంచం ముందుకు తోశాడు.

"అత్తయ్యా, అన్నం మిగిలింది. ఇంకాస్త కొరివికారం వెయ్యండి."

హిమబిందుకు కోపంతో ఏడుపు తన్నుకొచ్చింది. అయినా అడిగింది అల్లుడు. జాడీ మూత తీసి, గరిటె నిండా వేసింది.