ఆడబిడ్డకు శాలువా

మనవాళ్లు గెలిచినప్పుడే మనవాళ్లు, ఓడితే పరాయివాళ్లు ఎట్లా అవుతారు? పొద్దున దీపం పెట్టిన ప్రతిసారీ వనజను ఈ సందేహం పట్టుకునేది. ఏళ్లుగా దేవుణ్ణి అడుగుతూనే ఉంది. భర్త రాంచందర్‌ను అడిగే ధైర్యం మాత్రం ఎన్నడూ చేయలేదు.

ఆ శుక్రవారం తార్నాకలోని వాళ్లింట్లో పొద్దున్నే హడావిడి మొదలైంది. రాంచందర్ స్టూలెక్కి చెల్లెలు కరుణ ఫొటోను హాలు గోడకు తగిలిస్తున్నాడు. క్యాంపస్‌లో నాటకాలాడే కరుణను ఒక దర్శకుడు చూసి బొంబాయి తీసుకుపోయాడు. మొదటి హిందీ సినిమా ఆడినప్పుడు ఆ ఫొటో గోడెక్కింది. వరసగా నాలుగు సినిమాలు పోయి, తన ఈడు హీరోకే తల్లి వేషం వేయాల్సి వచ్చినప్పుడు మంచం కిందికి పోయింది. ఇప్పుడు అలాంటి తల్లి వేషానికే పెద్ద అవార్డు వచ్చింది. యూనివర్సిటీ సన్మానానికి పిలిచింది. రాంచందర్ పనిచేసేది ఆ యూనివర్సిటీ ఆఫీసులోనే.

"పదింటికి కారొస్తది వనజా. మా ఆఫీసోళ్లు గీడికే వస్తున్నరు. ముందు మనింట్ల శాలువా కప్పి ఫొటోలు దిగుతం."

"శాలువానా?"

"జరీది. జనరల్ బజార్ల తెచ్చిన."

వనజ చేతిలోని హారతి పళ్లెం కింద పెట్టింది.

"ఇంటి ఆడబిడ్డకు శాలువా కప్పుతరా ఎవరన్న? ఆమె పెండ్లయి పదమూడేండ్లాయె. పుట్టింటికి పిలిచి ఒక్కసారన్న ఒడిబియ్యం పోసినమా?"

"నన్నడిగి చేసుకున్నదా ఆ మరాఠీ పిలగాన్ని?"

"అడగలేదని కోపం, సరే. మరి సినిమాలు ఆడినన్ని దినాలు మా చెల్లె, మా చెల్లె అని ఆఫీసంత తిరిగినరు గద! గప్పుడు యాదికి రాలేదా?"

"మెల్లగ మాట్లాడు. పక్కింటోళ్లు వింటరు."

"విననీయుండ్రి! మూడేండ్ల కింద సినిమాలు లేక ఆమె రెండు బ్యాగులు పట్టుకొని గేటుకాడికొస్తే, జనం నవ్వుతరని హోటల్ల ఉండుమన్నరు. తోడబుట్టినదాన్ని గడప తొక్కనియ్యలే. నేను వంటింట్ల నిలబడి ఊకున్న. గా పాపంల నాకూ సగమున్నది."

"వదినా, నీ గొంతు గల్లీ దాంక వస్తున్నది."

గుమ్మంలో కరుణ నిలబడి ఉంది. ఎయిర్‌పోర్టు నుంచి ముందే వచ్చేసింది. నూలు కుర్తా, భుజాన సంచి. నవ్వుతోంది గాని కళ్లు తడిగా ఉన్నాయి.

రాంచందర్ స్టూలు మీదే బిగుసుకుపోయాడు.

"దిగన్నా, పడ్తవు," అంది కరుణ. "శాలువాలు నా అల్మారా నిండ ఉన్నయ్. సినిమాలల్ల ఎన్నిసార్లో నా ఒడి నింపిన్రు. షాట్ అయిపోంగనే సెట్టోళ్లు వచ్చి ఆ బియ్యం ఎత్తుకపోయేటోళ్లు. ఇంటి బియ్యం ఎట్లుంటయో నాకు తెల్వదు."

రాంచందర్ దిగాడు. తల వంచుకొని స్టూలు గోడ వారకు జరిపాడు. జరీ శాలువా సోఫా మీద అట్లాగే ఉంది.

"వనజా," అన్నాడు. "పసుపు ఏడున్నది?"

వనజ ఉరుకులు పరుగులతో బియ్యంలో పసుపు, నెయ్యి కలిపింది. ఎండుకొబ్బరి కుడకలు, ఖర్జూరాలు, వక్కలు, తమలపాకులు వేసింది. బీరువాలోంచి తన కొత్త చీర తీసి ఆడబిడ్డకు కట్టి, బొట్టు పెట్టి, పీట మీద కూర్చోబెట్టింది.

గేటు దగ్గర కారు హారన్ మోగింది. ఆఫీసు శ్రీనివాసరావు కేకేశాడు. "రాంచందర్! సార్లందరు ఆడిటోరియంల కూసున్నరు. మేడం వచ్చిన్రా?"

"కూసోమను!" లోపలి నుంచే అరిచాడు రాంచందర్. "మా చెల్లెకు ఒడిబియ్యం పోస్తున్నం."

దోసిలి నిండా బియ్యం తీసుకున్నాడు. కరుణ కొంగు రెండు చేతులా చాపి పట్టుకుంది. ఐదు దోసిళ్లు పోసేదాకా ఒక్క గింజ కింద పడనివ్వలేదు.