పసుపు చీటీ

"సార్, మీ పసుపు చీటీ ఏది?"

అడిగింది ఆరో తరగతి లీడరు. స్టాఫ్ రూమ్‌లో ఆ పిల్లకి మేం పెట్టుకున్న పేరు లాయరమ్మ.

నేను సైన్సు మాస్టర్ని. ప్రతి శుక్రవారం లైబ్రరీ మేడమ్, నేను కలిసి ఆ పిల్లలకి ఒక క్లాసు తీసుకుంటాం. రాసినదాంట్లో ఇంకొకరి మాట ఉంటే కింద పసుపు చీటీ అంటించాలి. ఎవరి మాట, ఎక్కడ దొరికింది, ఎప్పుడు. చీటీ లేకపోతే దొంగతనమే. బల్ల గుద్ది మరీ చెప్పింది నేనే.

"నాకెందుకమ్మా చీటీ? గోడపత్రికలో వ్యాసం మొత్తం నా సొంతం."

"చివరి వాక్యం కూడానా సార్? 'పుస్తకం వెళ్ళినట్టే తిరిగొస్తుంది. తీసుకెళ్ళినవాళ్ళే మారిపోయి వస్తారు.'"

"అదీ నాదే."

క్లాసంతా "ఓ..." అంది.

"మేం లైబ్రరీకి వెళ్ళిన మొదటిరోజే మేడమ్ మాకు చెప్పారు సార్!"

మేడమ్ కిటికీలోంచి వాన చూస్తున్నారు. నా వైపు తిరిగి నాలుగు తిట్టినా బాగుండేది.

బెల్లు కొట్టగానే వరండాలో వెంటపడ్డాను. "నిజంగా నాదే అనుకున్నానండీ!"

"అలాగా? ఎంత అమాయకులండీ!" గొడుగు విప్పబోయి ఆగారు. "కాలేజీలో ఒకతను నా మాటలు తనవని చదివి చప్పట్లు కొట్టించుకున్నాడు. సిగ్గులేకుండా నేనూ కొట్టాను. ఇక కొట్టను. వచ్చేవారం నుంచి శుక్రవారం క్లాసు మీరొక్కరే చూసుకోండి."

గొడుగు వెళ్ళిపోయింది. వారంలో నేను ఎదురుచూసే ఒకే ఒక్క గంట కూడా దాని కిందే వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చి నన్ను నేనే బోనులో నిలబెట్టుకున్నాను. అబద్ధమాడావా? లేదు. మరి ఆ వాక్యం నాలోకి ఎలా వచ్చింది? మెల్లగా గుర్తొచ్చింది. నేను స్కూల్లో చేరిన కొత్తలో, గడువు దాటిన పుస్తకం తిరిగిస్తుంటే, స్టాంపు వేస్తూ తలెత్తకుండానే అన్నారావిడ. ఆ తర్వాత బస్సులో విన్నాను, గడ్డం గీసుకుంటూ విన్నాను. వినగా వినగా ఆవిడ గొంతు అరిగిపోయి మాట మిగిలింది. మిగిలినదాన్ని నా గొంతే అనుకున్నాను. మనసు ఇంత నిశ్శబ్దంగా ఒకరిని ఇంట్లోకి తెచ్చి కూర్చోబెడుతుందని నేను చదివిన ఏ సైన్సూ చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే వ్యాసం కింద పసుపు చీటీ అంటించాను:

"చివరి వాక్యం లైబ్రరీ మేడమ్‌ది. జూలైలో మొదటి మంగళవారం, వాన పడుతుండగా దొరికింది. అప్పటినుంచి రోజూ వింటున్నాను, ఎవరి గొంతో మర్చిపోయేంతగా. తప్పు నాది. గొంతు ఆవిడది. ఈ చీటీలో ఉన్న ఇష్టం మాత్రం ఎవరి దగ్గర్నుంచీ తెచ్చుకోలేదు."

అంటించాక ఒకసారి చదువుకున్నాను. పీకేద్దామనుకునేలోపే పిల్లలు మూగారు.

"ఇష్టం అని రాశార్రా సార్!"

"నెట్టకండ్రా, మేడమ్ వస్తున్నారు!"

పిల్లలు దారిచ్చారు. మేడమ్ చీటీ చదివారు. మళ్ళీ చదివారు. తర్వాత బ్యాగులోంచి ఎర్రపెన్ను తీశారు. నా గుండె పరీక్ష పేపరులా పరుచుకుని ఉంది.

'మంగళవారం' కొట్టేసి, పైన 'బుధవారం' అని రాశారు.

లాయరమ్మ చెయ్యెత్తింది. "బుధవారమని మీకెలా గుర్తుంది మేడమ్? దేంట్లో చూశారు? మీ చీటీ ఏది?"

మేడమ్ పెన్ను మూత పెట్టబోయారు. అది రెండుసార్లు జారింది. ముఖం ఎర్రసిరా రంగుకి తిరిగింది.

"శుక్రవారం క్లాసులో చెబుతాను," అన్నారు. ఆ రోజు మొదటిసారి నా వైపు చూశారు. "సార్ కూడా ఉంటారుగా."